రాత్రి ప్రయాణం, ప్రీమియం ఎకానమీ: అమ్మానాన్నలకు ఒక్కొక్కరికి 80 వేలు ఎక్కువ పెట్టొచ్చా?

చంద్రగిరి_కోట:
అందరికీ నమస్కారం. డాలస్‌లో ఉన్న మా చెల్లెలికి తొలి కాన్పు. అమ్మా నాయనా అయిదు నెలలు ఉండి రావాలని పోతున్నారు. నాయనకు 71, మనిషి బాగా పొడుగు, కుడి మోకాలు అరిగింది. అమ్మకు 66, షుగర్ ఉంది, అయిదడుగులు కూడా ఉండదు. ఇద్దరూ ఢిల్లీ దాకా విమానంలో పోయినవాళ్ళే గానీ ఇంత దూరం ఇదే మొదటిసారి.

బెంగుళూరులో ఎక్కి, యూరప్‌లో ఒకచోట మారి డాలస్. రానూ పోనూ చూస్తే మామూలు ఎకానమీకీ ప్రీమియం ఎకానమీకీ తేడా ఒక్కొక్కరికి 80 వేలు. ఇద్దరికీ లక్షా అరవై. బిజినెస్ క్లాస్ రేటు చూసి ఆ పేజీ వెంటనే మూసేసినాను.

నాయనేమో "ఒక్క రాత్రికి అంత డబ్బా, నిలబడైనా పోతా" అంటున్నాడు. పెట్టగలను, అప్పేమీ చేయక్కర్లేదు. పెడితే నిజంగా వాళ్ళకు నిద్ర పడుతుందా, లేక పేరుకేనా? పోయొచ్చినవాళ్ళు చెప్పండి.

రేణిగుంట_రన్‌వే:
ముందు కొనేది ఏమిటో చూసుకో తమ్ముడూ. ప్రీమియం ఎకానమీ అంటే చాలామంది చిన్న బిజినెస్ క్లాస్ అనుకుంటారు. అది పెద్ద ఎకానమీ, అంతే. ఆర్టీసీ లెక్కలో చెప్తే సూపర్ లగ్జరీ దిగి అమరావతి ఏసీ బస్సు ఎక్కినట్టు. వెన్నెల స్లీపర్ బస్సులో బెర్తు మీద నడుం వాల్చినట్టు మాత్రం కాదు.

కొలతలు చెప్తాను. మామూలు ఎకానమీలో ముందు సీటుకీ మన సీటుకీ మధ్య దూరం 31 లేదా 32 అంగుళాలు. ప్రీమియంలో ఎక్కువ సంస్థల్లో 38, ఎమిరేట్స్‌లో 40. వెడల్పు 17, 18 నుంచి 19 చిల్లరకు పెరుగుతుంది. వెనక్కి కాస్త ఎక్కువ వాలుతుంది, కాలు పెట్టుకునే పలక ఉంటుంది, కొన్నిట్లో పిక్కల కింద ఆనే మెత్త కూడా ఉంటుంది. భోజనం ఒక మెట్టు మేలు, ప్లాస్టిక్ గ్లాసు బదులు గాజు గ్లాసు. దానికి మురిసి డబ్బు పెట్టొద్దు.

మీవాళ్ళకు అసలు లాభం వేరే ఉంది. బోయింగ్ 777 ఎకానమీలో వరుసకు 3–4–3. అంటే ఇద్దరు కూర్చుంటే మూడోవాడు ఎవడో ఉంటాడు, వాడు గురక పెడుతుంటే బాత్రూమ్‌కి పోవాలన్నా లేపాలి. ప్రీమియంలో పెద్ద విమానాల్లో చాలావరకు 2–4–2. కిటికీ పక్క ఆ రెండు సీట్ల జత దొరికిందా, మొగుడూ పెళ్ళాం ఇంట్లో అరుగు మీద కూర్చున్నట్టే. అమ్మకు షుగర్ అన్నావు, రాత్రిలో నాలుగైదు సార్లు లేస్తుంది. అడగాల్సింది తన మొగుణ్ణే.

ఈ క్లాసు పుట్టింది 1990ల మొదట్లో, తైవాన్ వాళ్ళ ఎవా ఎయిర్, బ్రిటన్ వర్జిన్ అట్లాంటిక్ మొదలుపెట్టినాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2000లో, లుఫ్తాన్సా 2014లో, సింగపూర్ 2015లో తెచ్చాయి. ఎమిరేట్స్ చాలా ఆలస్యంగా వచ్చింది. ఖతార్, ఎతిహాద్‌లలో ఈ క్లాసే లేదు, కాబట్టి గల్ఫ్ మీదుగా వెతికేటప్పుడు అది చూసుకో.

అలిపిరి_మెట్లు:
80 వేలను 40 గంటలతో భాగించు. గంటకు 2,000. మన ఊర్లో ఆ డబ్బుకు ఏసీ గది రోజంతా ఇస్తారు, మంచం కూడా ఉంటుంది. ఇక్కడ గంటకు రెండు వేలు కట్టి కూర్చునే పోవాలి.

మూడొందల టికెట్ కొన్నా, సర్వదర్శనంలో పోయినా, స్వామి ముందు నిలబడేది అదే రెప్పపాటు. రెండు క్లాసులవాళ్ళూ డాలస్‌లో దిగేది ఒకే టైముకి. ఆ లక్షా అరవైతో పుట్టబోయే బిడ్డకు బంగారు మొలతాడు చేయించు.

పుత్తూరు_కట్టు:
> స్వామి ముందు నిలబడేది అదే రెప్పపాటు

రెప్పపాటు ఒకటే అన్నా. కంపార్ట్‌మెంట్‌లో కూర్చునే గంటలే వేరు. మనం మాట్లాడుకునేది ఆ గంటల గురించే కదా.

పోయిన ఏడాది న్యూజెర్సీకి 3–4–3లో నడిమధ్య సీటులో పోయినాను. దిగినాక మోకాలు ముడవాలంటే రాదు, చాపాలంటే రాదు. మా ఊరి కట్టు అక్కడ దొరకదు గాబట్టి నూనె రాసుకుని రెండు రోజులు పడుకున్నా. నాకు 40 ఏళ్ళే. మీ నాయనకు 71 అంటున్నావు, ఇంకేం లెక్కలప్పా!

పలమనేరు_పాలకోవ:
నేను నర్సును. సీటు సంగతి మీరు తేల్చుకోండి, ఒంటి సంగతి నేను చెప్తాను.

నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చునే ఏ ప్రయాణంలోనైనా కాలి నరాల్లో రక్తం గడ్డ కట్టే అవకాశం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. రెట్టింపు అనగానే భయపడొద్దు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో అది సుమారు 6,000 మందిలో ఒకరికి. కానీ గమనించండి, అది కదలకుండా కూర్చున్నందుకు వచ్చేది. కారులోనైనా, బస్సులోనైనా అంతే. సీటు పెద్దదైంది కదా అని పది గంటలు కదలకుండా పడి ఉంటే ప్రీమియమైనా ఒకటే. ప్రతి గంటకూ మడమలు ఎత్తి దించడం, పాదాలు గుండ్రంగా తిప్పడం, రెండు గంటలకొకసారి లేచి నాలుగడుగులు వేయడం నేర్పించి పంపు. బిగుతు మేజోళ్ళు వేసుకోవచ్చు గానీ అమ్మకు షుగర్ కాబట్టి డాక్టరును అడగకుండా వేయొద్దు.

ఇంకొకటి. విమానం లోపలి గాలి ఒత్తిడి 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. మన హార్స్‌లీ కొండ 1,265 మీటర్లే. గాలి బాగా పొడిగా ఉంటుంది, తేమ 20 శాతం కూడా ఉండదు. నోరు ఎండిపోతుంది, కళ్ళు మండుతాయి, మనిషి ఊరికే అలసిపోతాడు. ఏ క్లాసులో కూర్చున్నా పీల్చేది అదే గాలి. నీళ్ళు అడిగి తాగమను. మనోళ్ళు బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుందని నీళ్ళే మానేస్తారు, అదే తప్పు.

ఇన్సులిన్ వాడితే చేతిసంచిలోనే, చీటీతో సహా. పెద్ద పెట్టెలో వేస్తే కింద చలికి గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు.

చంద్రగిరి_కోట:
అక్కా, చాలా థాంక్స్. అమ్మ సరిగ్గా అదే, నీళ్ళు మానేసే బాపతు. మాత్రలే, ఇన్సులిన్ లేదు. నాయన ఈ చర్చ చదివి పుత్తూరు అన్న మాటకు నవ్వినాడు గానీ మెత్తబడలేదు.

నిద్ర సంగతి మాత్రం ఇంకా ఎవరూ తేల్చలేదు. రాత్రి పడుతుందా పట్టదా?

కుప్పం_టు_కాన్సాస్:
అన్నా, నేను ఆరేళ్ళలో ఈ దారిలో అయిదుసార్లు తిరిగినాను. ఇప్పటిదాకా ఎవరూ అడగని మాట ఒకటి అడుగుతాను. నీ టికెట్‌లో రాత్రి ఎక్కడుంది?

పోయేటప్పుడు బెంగుళూరులో తెల్లవారుజామునో పొద్దున్నో బయలుదేరేదైతే, పడమటికి పోతావు, సూర్యుడు నీతోనే వస్తాడు. యూరప్‌లో దిగితే అక్కడ పొద్దునో మధ్యాహ్నమో. మళ్ళీ ఎక్కితే డాలస్ దాకా వెలుతురే. ఇరవై గంటల పగలు! కిటికీలు మూసి చీకటి చేస్తారనుకో, కానీ అది రాత్రి కాదు. అసలు రాత్రి ఎక్కడ పోయింది? మొగిలి ఘాట్‌లో, పలమనేరులో టీ కొట్టు దగ్గర, కోలారు దాటినాక లారీల వెనక, ఆ తర్వాత ఎయిర్‌పోర్ట్ క్యూలో. విమానం ఎక్కేసరికే మీవాళ్ళు ఒక రాత్రి పోగొట్టుకుని ఉంటారు. ఆ మనిషిని ఎక్కడ కూర్చోబెట్టినా కూలబడతాడు.

వచ్చేటప్పుడు అట్లా కాదు. డాలస్‌లో సాయంత్రం ఎక్కి, అట్లాంటిక్ మీద తూర్పుకి, రాత్రికి ఎదురు పోతావు. గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి పోయినదానికంటే గంట దాకా తక్కువ పడుతుంది. తొమ్మిది గంటలు. అందులో ఎక్కినాక భోజనానికి రెండు గంటలు, దిగేముందు టిఫినుకు గంటన్నర తీసెయ్. మిగిలేది అయిదు, అయిదున్నర గంటలు. అదే నీ నిద్ర. అది పోతే, యూరప్‌లో పొద్దున దిగి మూడు గంటలు కూర్చుని, మళ్ళీ పది గంటలు ఎగిరి, బెంగుళూరులో తెల్లవారుజామున దిగి, చంద్రగిరికి అయిదు గంటల కారు. వరుసగా రెండు రాత్రులు.

కాబట్టి నా మాట: పోయేటప్పుడు ఎకానమీ చాలు, ముందు రోజు మధ్యాహ్నమే బయలుదేరి ఎయిర్‌పోర్ట్ ఉన్న దేవనహళ్ళి దగ్గర హోటల్లో ఒక రాత్రి పడుకోబెట్టు. వచ్చేటప్పుడు ప్రీమియం పెట్టు.

అలిపిరి_మెట్లు:
కుర్రోడు చెప్పింది లెక్కగా ఉంది. నా మొలతాడు సగం వెనక్కి తీసుకుంటున్నా.

తోతాపురి:
చిత్తూరులో టికెట్ల పని చేస్తాను, ఇరవై ఏళ్ళయింది. కుప్పం తమ్ముడు చెప్పినట్టు ఒకవైపు ఎకానమీ, ఒకవైపు ప్రీమియం కలిపి ఒకే టికెట్ చేయించవచ్చు. చాలా సంస్థల సొంత సైట్‌లోనే పోయేదానికీ వచ్చేదానికీ వేర్వేరు క్లాసు ఎంచుకోనిస్తారు. తేడా సరిగ్గా సగం ఉండదు, కొంచెం అటూ ఇటూ. రెండు వేర్వేరు టికెట్లుగా మాత్రం కొనొద్దు. మధ్యలో మారే చోట మొదటి విమానం ఆలస్యమైతే రెండోదానికి ఎవరూ జవాబు చెప్పరు. పెద్దవాళ్ళు ఇద్దరే పోతున్నారు, ఒకే పీఎన్ఆర్ ఉండాలి.

పన్ను సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎకానమీ కాని ప్రతి టికెట్‌కీ జీఎస్టీ 12 నుంచి 18 శాతం అయింది. ఎకానమీకి పాత 5 శాతమే. ప్రీమియం ఎకానమీ పేరులో ఎకానమీ ఉన్నా, పన్ను దగ్గరకు వచ్చేసరికి బిజినెస్ వాళ్ళ పక్కనే కూర్చోబెట్టినారు. పాత రేట్లు గుర్తుపెట్టుకుని వచ్చి నాతో గొడవపడేవాళ్ళు వారానికి ఇద్దరైనా ఉంటారు.

సీటు ఎంచుకునేటప్పుడు ప్రీమియంలో మొదటి వరుస చూసి ఎగబడొద్దు. కాళ్ళకు జాగా ఉంటుంది నిజమే. కానీ భోజనం పలక, చెయ్యి ఆనించుకునే చేతి కట్టలోంచి వస్తుంది, ఆ కట్ట లావుగా ఉండి కూర్చునే వెడల్పు తగ్గుతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చేతిసంచి పైన పెట్టాల్సిందే. చంటిబిడ్డల ఉయ్యాల తగిలించేది కూడా ఆ వరుస ముందుండే గోడకే. పక్కన చంటిబిడ్డ ఉంటే నీ అయిదు గంటలు గోవిందా.

భోజనం ఏవీఎంఎల్ అని ముందే, కనీసం ఒక రోజు ముందు, రాయించుకో. మన శాకాహారం అదే. వీల్‌చెయిర్ కూడా ఇద్దరికీ పెట్టించు, దానికి డబ్బు తీసుకోరు. నాయన వద్దంటాడు, అందరు నాయనలూ వద్దంటారు.

కాణిపాకం_రోడ్డు:
ప్రీమియం కొన్నంత మాత్రాన ప్రీమియంలో కూర్చుంటారని గ్యారంటీ లేదు. మా మేనమామకు జరిగింది. ఢిల్లీ నుంచి పోయేటప్పుడు ఆఖరి నిమిషంలో విమానం మార్చినారు, మార్చిన దాంట్లో ఆ క్లాసే లేదట. ఎకానమీలో వెనక నుంచి మూడో వరుస. సంస్థ పేరు వద్దు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి "సారీ సార్, మెయిల్ పెట్టండి" అని చేతులు దులిపేసుకుంది. ఆయన పాపం, రిటైరైన హెడ్‌మాస్టర్, తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తానన్నాడు.

తోతాపురి:
> చేతులు దులిపేసుకుంది

అట్లా దులుపుకోవడానికి వీల్లేదు. 2023 ఫిబ్రవరి 15 నుంచి డీజీసీఏ (మన దేశంలో విమాన సంస్థల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ శాఖ) నియమం ఉంది. మన ఒప్పుకోలు లేకుండా కింది క్లాసుకు దించితే, అంతర్జాతీయ ప్రయాణంలో దూరాన్ని బట్టి పన్నులతో కలిపి టికెట్ ఖరీదులో 30, 50, 75 శాతం వెనక్కివ్వాలి. 3,500 కిలోమీటర్లు దాటితే 75. మీ మామ పాత బోర్డింగ్ పాస్ దాచి ఉంటే వేయమనండి.

కాణిపాకం_రోడ్డు:
దాచే ఉంటాడు. 1984 బస్సు టికెట్లు కూడా ఉన్నాయి ఆయన దగ్గర. ఇప్పుడే ఫోన్ చేస్తా.

నగరి_నేత:
విమానం ఎక్కడం అనేసరికి గుర్తొచ్చింది, ఆవకాయ ఎంత తీసుకుపోనిస్తారు? మా అత్తగారు నాలుగు కిలోలు

వేదిక నిర్వాహకుడు:
ఆవకాయ, లడ్డూ, ఎండుకొబ్బరి ప్రశ్నలకు వేరే చర్చ ఉంది, 61 పేజీలు నడిచింది. అక్కడికి పదండి. ఒక్కటి మాత్రం ఇక్కడే చెప్తాను: అమెరికాలో దిగేటప్పుడు తినేది ఏది ఉన్నా ఉందని చెప్పాల్సిందే. దాచొద్దు.

మదనపల్లె_టమాట:
నేను అందరికీ ఎదురు చెప్తాను. పొట్టి మనిషికి ప్రీమియం దండగ.

నాకు అయిదడుగుల ఒక అంగుళం. ఆ పిక్కల కింది మెత్త పైకెత్తితే నా కాళ్ళు సగంలో వేలాడతాయి, దించితే పాదం నేలకు ఆనదు. చివరికి చేతిసంచి కింద పెట్టుకుని దానిమీద కాళ్ళు పెట్టుకున్నా. ఇక చేతి కట్టలు. ఎకానమీలో అవి పైకి లేస్తాయి. పక్క సీటు ఖాళీగా ఉంటే లేపేసి ముడుచుకుని పడుకోవచ్చు. ప్రీమియంలో లేవవు, బిగించేసి ఉంటాయి. పక్కన రెండు సీట్లు ఖాళీ ఉన్నా చూస్తూ కూర్చోవడమే. నేను జీవితంలో విమానంలో హాయిగా నిద్రపోయింది ఒక్కసారే, అది ఎకానమీ ఆఖరి వరుసల్లో, మూడు సీట్లు నావే.

పొడుగువాళ్ళకు, మోకాళ్ళవాళ్ళకు మాత్రం కాదనను.

రేణిగుంట_రన్‌వే:
అమ్మాయి చెప్పింది నిజం. ఆ ఖాళీ వరుసనే లుఫ్తాన్సా కొన్ని దూరపు దారుల్లో డబ్బుకు అమ్ముతుంది, చెకిన్ దగ్గర, మిగిలి ఉంటేనే. ఎయిర్ న్యూజిలాండ్ వాళ్ళది ఇంకా తమాషా, మూడు సీట్ల ముందు పలకలు లేచి మంచం అవుతుంది. కానీ ఖాళీ వరుస నమ్ముకుని 71 ఏళ్ళ మనిషిని పంపలేం. అది లాటరీ.

చంద్రగిరి_కోట:
అన్నలకూ అక్కలకూ అందరికీ దండాలు. తేల్చేసినాను. పోయేటప్పుడు ఎకానమీ, ఇద్దరికీ నడవ పక్క సీట్లు, నడవకు అటొకటి ఇటొకటి. వచ్చేటప్పుడు ప్రీమియం, కిటికీ జత. తేడా ఒక్కొక్కరికి 43 వేలకు దిగింది. దేవనహళ్ళిలో ముందు రాత్రికి గది. నాయనకు హోటల్ సంగతి చెప్పలేదు, "స్నేహితుడి ఇల్లు" అన్నాను. రాగానే రాస్తాను.

చంద్రగిరి_కోట (ఆరు నెలల తర్వాత):
రాస్తానన్నాను కదా. మేనకోడలు పుట్టింది, నాలుగో నెల నడుస్తోంది. అమ్మానాన్న మొన్న ఆదివారం ఇల్లు చేరినారు.

పోయేటప్పుడు: హోటల్ గుట్టు రిసెప్షన్ దగ్గరే బయటపడింది. అయినా రాత్రి ఏడు గంటలు నిద్రపోయినాడు, పొద్దున లేచి తిట్టినాడు. మొదటి విమానంలో నాయన మోకాలు పట్టేసింది, నాలుగు గంటలు వెనక వంటగది దగ్గర నిలబడే ఉన్నాడట. నిలబడైనా పోతానన్న మాట నిలబెట్టుకున్నాడు. రెండో విమానంలో అమ్మ పక్కన రెండు సీట్లు ఖాళీ. ఆ ఎయిర్‌హోస్టెస్ అమ్మాయే చేతి కట్టలు లేపి, దుప్పటి ఇచ్చి పడుకోబెట్టిందట. మదనపల్లె అక్కా, అమ్మ అచ్చం నువ్వు చెప్పినట్టే ఆరు గంటలు.

వచ్చేటప్పుడు: ప్రీమియంలో నాయన భోజనం కూడా వద్దని అయిదు గంటలు నిద్రపోయినాడు. మోకాలు చాపుకోవడానికి జాగా సరిపోయిందట. బెంగుళూరులో దిగి వీల్‌చెయిర్ వద్దని నడిచినాడు. అమ్మకు నిద్ర లేదు. కాళ్ళు వేలాడినాయి, సంచి పెట్టుకోమని చెప్పడం నేనే మర్చిపోయినా. "సీటు మంచిదే గానీ మధ్యలో ఆ అడ్డం ఎందుకురా, మీ నాయన భుజం మీద తల పెట్టుకుందామంటే అందదు" అంటోంది.

పుత్తూరు_కట్టు:
మోకాలు నడిచింది, అది చాలప్పా. పాపకు పేరేం పెట్టినారు?

చంద్రగిరి_కోట:
ఇంకా లేదన్నా. వాళ్ళ అత్తగారివైపు నుంచి మూడు, మా అమ్మ నుంచి రెండు వచ్చినాయి. పంచాయితీ నడుస్తోంది.

కాణిపాకం_రోడ్డు:
మా మామకు డబ్బు వచ్చింది. అర్జీకి నకలు తీసి పెట్టుకున్నాడు.

పీలేరు_పిల్లోడు:
అన్నా, మా వాళ్ళు సిడ్నీ పోవాలి. చెన్నైలో రాత్రి పదకొండుకు ఎక్కేది. ఇదే లెక్క పనిచేస్తుందా?

కుప్పం_టు_కాన్సాస్:
అది తూర్పు దారి తమ్ముడూ, పోయేటప్పుడే రాత్రి. మారే ఊరిదాకా నాలుగైదు గంటలే, ఆ ముక్కకు ఈ క్లాసు ఉండే విమానం వేస్తారో లేదో ముందు చూడు. మీవాళ్ళ ఎత్తు, మోకాళ్ళ వివరాలతో కొత్త చర్చ పెట్టు, అక్కడ మాట్లాడుకుందాం.